పొయ్యి ఆర్పి ఉరుకు

ముసురు నాలుగో రోజు

వాతావరణం: ముసురు. పై మడుగు: ఎర్ర గీతకు ఆరు మూరలు పైన. ఎక్కించిన నీళ్ళు: లేవు. కూత: లేదు.

విద్యుత్ మండలివాళ్ళు ఈ డ్యూటీ పుస్తకంలో ‘విశేషాలు’ రాయడానికి రెండు వేళ్ళ వెడల్పు గడి ఇచ్చారు. రెండు వేళ్ళ గడిలో పట్టే మనిషిని కాదు నేను. కాగితం వెనక కూడా రాస్తాను, చదివేవాళ్ళు తిప్పుకుని చదువుకోండి.

నా పేరు కొమురమ్మ. మసిగుట్ట కాలనీలో అందరికీ కొమురక్కను. గుట్ట మీది గదిలో పగటి డ్యూటీ నాది. ఈ గుట్ట దేవుడు పెట్టింది కాదు. మా తాతలూ తండ్రులూ బొగ్గు కోసం భూమిని తవ్వి, పైనున్న మట్టినంతా ఓ పక్కన పోస్తే లేచింది. తవ్విన చోట గొయ్యి మిగిలింది, గొయ్యిలో నీళ్ళు నిండాయి. ఎండ కాస్తే ఆ నీళ్ళ మీద తేలే సోలార్ పలకలు పని మొదలుపెడతాయి, పంపులు నీళ్ళను గుట్ట మీది మడుగులోకి ఎక్కిస్తాయి. పొద్దు గూకాక అవే నీళ్ళు గొట్టాల్లో దిగుతూ చక్రాలు తిప్పుతాయి, ఊరు వెలుగుతుంది. తెల్లారి మళ్ళీ అవే నీళ్ళు పైకి. ముప్ఫై ఏళ్ళుగా అవే నీళ్ళు. ఇంత పొదుపైన సంసారం ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

మడుగు నిండాక కూడా ఎండ మిగిలితే నేను సైరన్ మోగిస్తాను. ఒకప్పుడు బొగ్గుబాయిలో షిఫ్టు మారినప్పుడల్లా మోగిన సైరనే ఇది. ఇప్పుడు దీన్ని ఎండ కూత అంటారు. కూత పడిందంటే ఇంటింటా గ్రైండరు తిరుగుతుంది, బట్టల మిషను తిరుగుతుంది, ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంది. కూత పడకుండా గ్రైండరు వేసిన ఇల్లు మా ఊళ్ళో లేదు. చట్టమేమీ లేదు, సిగ్గు ఉంది.

నాలుగు రోజులుగా కూత లేదు. ఇంటికి వెళ్ళేసరికి మా బాపు మంచం మీదినుంచే మొదలుపెట్టాడు.

“గారెలు తిని ఎన్ని దినాలాయెనే బిడ్డా?”

“కూత పడనియ్యి బాపూ, పప్పు నానబోస్త.”

“మా బొగ్గు ఉన్నప్పుడు గారెలకు ఎండతోని పనే లేకుండె. ముసురువెట్టినా, తుఫానచ్చినా మీట నొక్కితె సాలు.”

“కూసోని తింటె గుట్టలైన కరుగుతయంటరు. మీరు తిన్న బొగ్గు గుట్టేది మరి?”

“కరిగితె కరిగింది. దాని మట్టి మీద కూసోనే గద నువ్వు కూతలు వెడ్తున్నవ్!”

మా బాపు ఓదెలు ముప్ఫై ఏళ్ళు బొగ్గు తీసిన మనిషి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. పగలూ రాత్రీ గాలి మిషను నడవాలి, లేకపోతే ఊపిరి అందదు. అయినా బొగ్గును ఒక్క మాట అననివ్వడు. ఊళ్ళో మిగిలిన ఆఖరి బాయి మనిషి కాబట్టి కరెంటు పుట్టించే పాత బొగ్గు బాయిలరు తాళంచెవి ఆయన మెడలోనే ఉంటుంది. ఆయన చేతితో ఇస్తే తప్ప బాయిలరు వెలిగించకూడదని మా ఊరి కట్టుబాటు. నేను పుట్టిపెరిగిన ఇంట్లో రోజూ ఇదే పోట్లాట, బొగ్గా ఎండా అని. ఇద్దరమూ ఓడిపోయే రకం కాదు.

ముసురు ఏడో రోజు

వాతావరణం: అదే. పై మడుగు: ఎర్ర గీతకు నాలుగు మూరలు పైన. కూత: లేదు.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. నిన్నటి గాలికి వాగు అవతల పెద్ద టవరు పడిపోయి, బయటినుంచి వచ్చే తీగ తెగింది. వాగు తగ్గితేగాని బాగుచేసేవాళ్ళు రాలేరట. అప్పటిదాకా ఈ మడుగులో ఉన్నదే మా కరెంటు.

మండలి నుంచి వసుంధర మేడం ఫోన్ చేశారు. మంచి మనిషి. కసురుకోవడం రాదు, అందుకే ఆమె మాట ఇంకా భయంగా ఉంటుంది.

“కొమురమ్మ గారూ, నీళ్ళు ఎర్ర గీత దిగితే చక్రాలు గాలి పీల్చి పాడైపోతాయి. దానికి ముందే బాయిలరు వెలిగించండి. నిబంధన మీకు తెలుసు కదా.”

“తెలుసు మేడం. వెలిగించిన తర్వాత నిబంధన కూడా తెలుసు.”

ఆ రెండో నిబంధన ఇది: ఒకసారి బాయిలరు వెలిగించిన ఊరు తన కాళ్ళ మీద తాను నిలబడలేని ఊరని లెక్క. మళ్ళీ బొగ్గుతోనే నడవాల్సిన ఊళ్ళ జాబితాలోకి పోతుంది. మా దగ్గర మిగిలిన బొగ్గు కుప్ప ఓ వారానికి సరిపోతే గొప్ప. ఆ తర్వాత బొగ్గు కావాలంటే గొయ్యి అడుగునే ఉంది. దాన్ని తీయాలంటే గొయ్యి నీళ్ళన్నీ తోడి పారబోయాలి, పలకలు విప్పాలి. ముప్ఫై ఏళ్ళ సంసారం వీధిన పడుతుంది.

ఇంట్లో ఈ సంగతి చెబుతూ బొగ్గును నాలుగు తిట్టాను. బాపు లేచి కూర్చున్నాడు.

“ఏరు దాటినంక తెప్ప తగలవెట్టినట్టు మాట్లాడకే. నిన్ను సదివిచ్చింది బొగ్గు. నీ పెండ్లి జేసింది బొగ్గు. నీ పలకలు తయారైన కార్ఖాన గూడ మొదలు నడిచింది బొగ్గుతోనే.”

“మరి నీ ఊపిరి తిన్నదెవరు?”

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది.

“అదీ బొగ్గే. ఇచ్చింది ఇచ్చింది, తీసుకున్నది తీసుకున్నది. నేను కాదంటున్ననా?”

ముసురు తొమ్మిదో రోజు

వాతావరణం: పొద్దున్నే మబ్బు విడి ఎండ పడింది, మళ్ళీ మూసుకుంది. పై మడుగు: ఎర్ర గీతకు మూర పైన. కూత: పడింది.

పడింది, పాడుగాను.

ఎండ గుట్ట మీద పడగానే నాకు మతిపోయింది. గొయ్యి నీళ్ళు తళతళలాడాయి. ఎన్ని రోజులకు చూశాను! మడుగు నిండాకే కూత పెట్టాలన్న మాట నా నెత్తిలోంచి ఎగిరిపోయింది. సంతోషం ఆగక సైరన్ మీట నొక్కేశాను.

ఊరంతా అప్పటిదాకా చేతులు కట్టుకుని ఉంది. నానబోసిన పప్పు, పులిసిపోతున్న బియ్యం, ఉతకని బట్టల మూటలు. కూత వినగానే ఒక్కసారిగా అన్ని మీటలూ నొక్కారు. కింద చక్రాల గదిలో ఉండే రుక్సానా ఫోన్లో అరిచింది.

“అక్కా, ఏం జేసినవ్? పలకలిచ్చేది గింతంత, ఊరు గుంజేది గంపంత! మడుగు దిగిపోతాంది సూడు!”

చూశాను. నా కళ్ళముందే నీళ్ళు దిగుతున్నాయి. ఇంతలో మబ్బు మూసుకుంది. ఆపండి అని చెప్పడానికి నా దగ్గర కూత లేదు. ‘వాడుకోండి’ అని చెప్పే కూతే ఉంది మాకు. ‘వద్దు’ అని చెప్పవలసిన అవసరం ముప్ఫై ఏళ్ళలో రాలేదు. రుక్సానా, నేనూ చెరో వాడకు పరిగెత్తి ఇంటింటికీ చెప్పేసరికి రెండు రోజుల నీళ్ళు పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని.

ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. మా ఇంట్లోనే పక్కింటి పోశక్క బాపు కోసమని పప్పు గ్రైండర్లో వేసి, సగంలో ఆపేసి వెళ్ళింది. బాపు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, గారెల మాట ఎత్తలేదు. ఆయన గారెలు అడగని రోజు నాకు గుర్తులేదు.

ముసురు పదో రోజు

వాతావరణం: ముసురు, సాయంత్రానికి వాన పెరిగింది. పై మడుగు: ఎర్ర గీతకు జానెడు పైన. కూత: లేదు.

వసుంధర మేడం ఫోన్. “రేపు పొద్దున్నే వెలిగించండి. మీ నాన్నగారి మిషను సంగతైనా ఆలోచించండి, కొమురమ్మ గారూ.” నేనింకేం ఆలోచిస్తున్నాననుకున్నారో. దీపాలు తగ్గించాం, ఫ్యాన్లు ఆపేశాం, చిన్న దవాఖానకు, బాపు మిషనుకు, వంట పొయ్యిలకు మాత్రమే కరెంటు. అయినా నీళ్ళు దిగుతూనే ఉన్నాయి.

ఇంటికి వెళ్ళి బాపు పక్కన కూర్చున్నాను. నేను అడగకముందే ఆయన మెడలోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టాడు. అది వెచ్చగా ఉంది.

“ఇస్తున్న. ఇయ్యకపోతె ముసలోడు పంతానికి వోయిండంటరు. ఎలిగిస్తవా లేదా అనేది నువ్వు జూసుకో.”

“నీకు సంతోషమే గద బాపూ. మళ్ళ బొగ్గు కాలుతది.”

ఆయన మిషను గొట్టం సర్దుకున్నాడు.

“సంతోషమే. నా బొగ్గుతోని ఎన్ని ఊర్లు ఎలిగినయో నాకెరుక. గాని బిడ్డా, నేను తీసిన బొగ్గుల ఒక్క గడ్డన్న మళ్ళ భూమిల వెట్టగలనా? కాలింది కాలిపాయె. నీ నీళ్ళు దినాం కిందికి వోయి తెల్లారి పైకి వస్తయ్. గది నేను జెయ్యలేని పని.”

ఇన్నేళ్ళ పోట్లాటలో ఈ మాట ఎప్పుడూ అనలేదు. గెలిచాను. గెలిచినందుకు ఏడుపొచ్చింది. తాళంచెవి కొంగున కట్టుకున్నాను.

ముసురు పదకొండో రోజు

వాతావరణం: కుండపోత. మిగతావి కింద రాస్తాను.

పొద్దున్నే గుట్ట ఎక్కుతుంటే గట్టు కాలువ హోరు వినిపించింది. గుట్ట మీద పడిన వానను చుట్టూ తిప్పి వాగులోకి పంపేసే కాలువ అది. మడుగుకైతే సిమెంటు అడుగు ఉంది గానీ, ఉత్త మట్టి మీద నీళ్ళు నిలిస్తే గుట్ట నాని జారుతుంది. అందుకని బాయి రోజులనుంచీ ఒకటే నియమం: గుట్ట మీద చుక్క నిలవనివ్వొద్దు. పుట్టినప్పటినుంచీ ఆ కాలువ చూస్తున్నాను. ఈరోజు దాని పక్కన నిలబడి మొదటిసారి కోపమొచ్చింది. పంపు అవసరం లేకుండా, ఎండ అవసరం లేకుండా, దానంతట అది గుట్ట మీదికి వచ్చి పడిన నీళ్ళు మా ముందునుంచే వాగులోకి పోతున్నాయి! ఎండను మింగిన మబ్బే నీళ్ళు తెచ్చి నెత్తిన పోస్తుంటే, మేము కాలువ తీసి సాగనంపుతున్నాం.

గదిలోకి పరిగెత్తి బాపుకు ఫోన్ చేశాను. కాలువను మడుగులోకి తిప్పుతానని చెప్పాను.

“నీకేమన్న పిచ్చా? కొత్త కాలువ తవ్వితె మట్టి నీళ్ళు తాగుతది. గుట్ట జారి ఊరి మీద వడ్తది.”

“మట్టికి నీళ్ళు తగలనియ్య. కింద టార్పాలిన్లు పరుస్త.”



“ఎన్ని గావాలె? మన ఇంట్ల ఒకటున్నది.”

“ఊరంత కావాలె బాపూ. పారలు, తట్టలు, మనుషులు, అన్నీ కావాలె. నీళ్ళు గీతకు నాలుగు వేళ్ళ పైననే ఉన్నయ్. ఇంటింటికి తిరిగే టైము లేదు. సైరన్ మోగిస్తె గ్రైండర్లేస్తరు, ఉన్న నీళ్ళు గూడ పోతయ్.”

“గా ఎండ కూత ఎందుకే? ఆపద కూత కుయ్యి.”

నాకు ఆరేళ్ళప్పుడు ఒక్కసారి విన్నాను దాన్ని. గొయ్యి పక్కన అప్పట్లో ఉన్న సొరంగం బాయి కప్పు కూలిన రోజు. అమ్మ అన్నం కుండ కింద పొయ్యి ఆర్పి, నన్ను చంకనేసుకుని బాయి దగ్గరికి పరిగెత్తింది. ఇల్లు కాలబెట్టుకుని రావొద్దని బాయి ఆడవాళ్ళు పెట్టుకున్న పద్ధతి: ముందు పొయ్యి ఆర్పు, తర్వాత ఉరుకు. ఆ రోజు బాపు బతికి బయటికొచ్చాడు. బాయి మూతపడ్డా మాట మిగిలింది. ఇప్పటికీ మా ఊళ్ళో తొందర పని ఏదైనా ‘పొయ్యి ఆర్పి ఉరుకు’ అంటారు, బడి పిల్లలు కూడా అంటారు.

“ఎట్ల కూసేది బాపూ అది?”

ఆయన ఫోన్ పక్కన మంచం కోడు మీద కొట్టి వినిపించాడు. మూడు పొట్టి కూతలు, ఊపిరి పీల్చినంతసేపు ఆపడం, మళ్ళీ మూడు. 

మోగించాను. మోగిస్తూ మీటర్ వైపు చూశాను. ముల్లు పడిపోవడం మొదలైంది. వాడ తర్వాత వాడ పొయ్యిలు ఆరిపోతున్నాయి. రుక్సానా ఫోన్లో, “అక్కా, ఊరు గుంజుడు ఆపింది! మొత్తం ఆపింది!” అంటూ ఏడుస్తోంది. దవాఖానా, మా ఇంటి మిషనూ తప్ప ఏమీ నడవడం లేదు. అందరూ సగం ఉడికిన అన్నాలు వదిలి, వానలో తడుస్తూ గుట్ట దారిన పరిగెత్తి వస్తున్నారు. ముసలివాళ్ళు ముందున్నారు.

పైకి రాగానే పోశక్క నా రెండు భుజాలూ పట్టుకుంది. “ఎవరే? ఎవరు చిక్కుకున్నరు?”

బాయి రోజుల్లో అడిగిన ప్రశ్న అదే.

“మా బాపు ఊపిరి చిక్కుకున్నది, వదినా. మన గొయ్యి చిక్కుకున్నది. మొన్నటి తప్పు నాది, నన్ను తర్వాత తిట్టుండ్రి. ఇయ్యాల ఒక్క పూట నా మాట ఇనుండ్రి.”

చెప్పాను. విన్నారు. సగం మంది మళ్ళీ కిందికి పరిగెత్తారు. వచ్చేటప్పుడు చూడాలి! వానకు కారే ఇళ్ళ కప్పుల మీంచి లాగిన టార్పాలిన్లు, దుకాణాల ముందు పరదాలు, పెళ్ళి టెంట్లవాళ్ళ పెద్ద పెద్ద పట్టాలు, ఎవరివో పుట్టినరోజు ఫ్లెక్సీలు. తమ ఇల్లు తడుస్తుందని ఒక్కరు కూడా అనలేదు. మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళు పరిచారు, పరిచినదాని మీద పరిచారు, అంచులకు రాళ్ళు పెట్టారు.

అప్పుడు చూస్తే, వానలో ఒక ప్లాస్టిక్ కుర్చీ గుట్ట ఎక్కుతోంది. నలుగురు మోస్తున్నారు. అందులో మా బాపు, ఒళ్ళో చిన్న ఆక్సిజన్ సీసా, తల మీద పోశక్క గొడుగు.

“ఎందుకచ్చినవ్? నీకు బుద్ధున్నదా?” అని అరిచాను.

“ఆపద కూత కూస్తె బాయి మనిషి ఇంట్ల వండుకుంటడా? అరిస్తె అరిచినవ్ గాని, గా మూల మట్టి వదులుగున్నది, కాలువను ఇటు తిప్పుండ్రి!”

ఆ సీసా మధ్యాహ్నం దాకానే వస్తుంది. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. తర్వాత ఇంట్లో మిషను నడవాలి, మిషను నడవాలంటే మడుగులో నీళ్ళు ఉండాలి. ఆయన చెయ్యి చూపించిన చోట తవ్వారు. పాత కాలువకు అడ్డంగా మట్టి బస్తాలు వేశారు. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, పొంగి, తిరిగాయి. రంగురంగుల పట్టాల మీదుగా, ఎవరి పుట్టినరోజు ముఖాల మీదుగానో, జారుకుంటూ వెళ్ళి మడుగులో దూకాయి.

గీత దగ్గర కూర్చున్నాను. వేలితో కొలిచాను. రెండు వేళ్ళు. చాలాసేపు రెండు వేళ్ళే. తర్వాత మూడు. అప్పుడు వెనక్కి చూసి “ఎక్కుతున్నది!” అని కేక వేశాను. గుట్ట మీద ఊరంతా వేసిన కేక వాగు అవతలికి వినిపించే ఉంటుంది. సీసా అయిపోకముందే బాపును ఇంటికి దించారు. మిషను నడిచింది.

సాయంత్రం వసుంధర మేడం ఫోన్ చేశారు. “బాయిలరు వెలిగించారా?”

“లేదు మేడం. పై మడుగు ఎర్ర గీతకు మూడు మూరలు పైన ఉంది.”

“ఎలా? ఎండ లేదు, తీగ లేదు, నీళ్ళు ఎవరు ఎక్కించారు?”

“వాన ఎక్కించింది. మేము దారి చూపించాం.”

ఆమె నవ్వడం మొదటిసారి విన్నాను.

ఎండ మొదటి రోజు

వాతావరణం: ఎండ, కళ్ళు చెదిరేంత. పై మడుగు: మధ్యాహ్నానికి నిండింది. బాయిలరు: వెలిగించలేదు. కూత: పడింది, ఈసారి మడుగు నిండాకే.

కూత పెట్టాక కిటికీలోంచి చూశాను. ఒక్క గ్రైండరు చప్పుడు లేదు. జనం గుమ్మాల్లో నిలబడి గుట్ట వైపు చూస్తున్నారు. నన్ను నమ్మాలా వద్దా అని! ఓరి మీ అసాధ్యం కూలా, అనుకుని మడుగు గట్టు మీదికెక్కి రెండు చేతులూ ఊపాను. అప్పుడు మొదలైంది ఊరంతా ఆ గరగర. అంత మంచి సంగీతం నేను వినలేదు.

సాయంత్రం బాపుకు గారెలు వేశాను. నాలుగు తిన్నాడు. కొంగున ఉన్న తాళంచెవి విప్పి ఆయన మెడలో వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాకెందుకే అది? ఆఖరి బాయి మనిషి దగ్గరుండాలనేది గద కట్టుబాటు.”

“నువ్వే గద.”

“నేనెట్లయిత? ఆపద కూతకు పొయ్యి ఆర్పి ఉరికినోళ్ళంత బాయి మనుషులే. నిన్న గుట్ట మీద ఎంతమందున్నరో నువ్వే జూస్తివి. ఇంకో గారె వెయ్యి.”

వేశాను. తాళంచెవిని మర్నాడు పొద్దున్నే తెచ్చి గుట్ట మీది గదిలో, సైరన్ మీట పక్కన మేకుకు తగిలించాను. తలుపుకు గడియ పెట్టడం లేదు.